దుర్గయ్య అనుపానం

దుర్గయ్యకు తన మందుల మీద నమ్మకం ఉండేదా, లేదా? ఇన్నేళ్లయినా ఈ ఒక్క సంగతి తేలలేదు. తక్కినవన్నీ తేలినట్టే. దుర్గయ్య నయాపూల్ దగ్గరి కోర్టుల్లో ఒకదానికి అటెండరు. ఇల్లు గౌలిపురలో. ఆయనకున్న పిచ్చి ఒకే ఒక్కటి, దమ్ముకు మందివ్వడం. మనం ఉబ్బసమన్నా, ఆయాసమన్నా ఆయన భాషలో అది దమ్మే. జ్వరానికి మందడిగితే "నాకేం ఎరుక, దవాఖానకు పో" అనేవాడు. మోకాళ్ల నొప్పులంటే ముఖం తిప్పుకొనేవాడు. కానీ ఎవరైనా రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద ఒక్క క్షణం ఆగారా, వాళ్ల చేతిలో పొట్లం పడేది.

కక్షిదారులకిచ్చాడు, వకీళ్లకిచ్చాడు. ఒకసారి దొంగను తరిమి పట్టుకొచ్చిన కానిస్టేబులుకిచ్చి, పక్కనే బేడీలతో ఉన్న దొంగకీ ఇచ్చాడు. అదేమిటని కానిస్టేబులు గుడ్లురిమితే, "ఉరికిచ్చినోడికే దమ్మొచ్చినంక, ఉరికినోడికి రాదా అన్నా?" అన్నాడు. ఆ న్యాయం కానిస్టేబులుకి తోచలేదు గానీ, దొంగ మాత్రం దండం పెట్టి పుచ్చుకున్నాడు.

అసలు దుర్గయ్య కొలువే దమ్ము మీద నడిచేది. జడ్జిగారు కేసు ఎత్తుకోగానే దుర్గయ్య వరండాలోకి వచ్చి కక్షిదారు పేరు మూడుసార్లు పిలవాలి. మూడు పిలుపులకీ మనిషి రాకపోతే గైర్హాజరు. గైర్హాజరైతే కేసు కొట్టేస్తారు. అందుకని దుర్గయ్య పిలిస్తే గేటు బయట చాయ్ బండి మీద సాసర్లు గలగలలాడేవి. మూసీ అవతల అదే పేరున్నవాళ్లు ఉలిక్కిపడి తమ మీద ఎవరు దావా వేశారా అని వెతుక్కునేవారని వకీళ్లు చెప్పుకొనేవారు. ఈ మూడు పిలుపుల అలవాటు ఇంటికీ పాకింది. అన్నం పెట్టమని భార్య నీలమ్మను మూడుసార్లు పిలిచి, బర్రె పాలు పిండుతూ ఆమె రాకపోతే "గైర్హాజర్!" అని ప్రకటించి తనే వడ్డించుకొనేవాడు.

అలాంటి దుర్గయ్య కంట్లో పంతొమ్మిది వందల తొంభై మూడులో శ్రీహరిరావు పడ్డాడు.

శ్రీహరిరావుది తెనాలి వైపు. భార్య కోటేశ్వరమ్మతో వచ్చి ఈ కోర్టులో నకళ్ల గుమాస్తాగా కుదురుకున్నాడు. నెమ్మదైన మనిషి. పది మాటలు మాట్లాడవలసిన చోట రెండు మాట్లాడి, మిగిలిన ఎనిమిదింటి సమయం లైబ్రరీ పుస్తకానికి ఇచ్చేవాడు. తీర్పులకు నకళ్లు రాయడం, రాసింది అసలుతో అక్షరమక్షరం పోల్చి సరిచూడడం ఆయన పని. నకళ్ల గది మేడ మీద. ముప్పై నాలుగు మెట్లు. గది నిండా తాళ్లు కట్టిన కాగితాల కట్టలు. ఒక్కో కట్ట విప్పితే తాతల కాలం నాటి దుమ్ము లేచేది. అదంతా దరఖాస్తూ ఫీజూ లేకుండా నేరుగా వచ్చి శ్రీహరిరావు ఊపిరితిత్తుల్లో దాఖలయ్యేది.

ఉబ్బసం ఆయనకు ముందే కొద్దిగా ఉంది, ఇక్కడికొచ్చాక పెద్దదైంది. డాక్టరు పీల్చే పంపు రాసిచ్చాడు. శ్రీహరిరావు బుద్ధిగా పంపు కొన్నాడు, బుద్ధిగా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పంపు పట్టినవాడు ఇక దాన్ని వదల్లేడనీ, పంపంటే రోగానికి ఆఖరి స్టేషననీ వాళ్ల పెదనాన్న చెప్పి ఉన్నాడు. పెదనాన్న పంపు పట్టకుండానే పోయాడు కాబట్టి ఆ మాటకు విలువెక్కువ. కోటేశ్వరమ్మ ఎంత మొత్తుకున్నా తాళంచెవి జంధ్యానికే వేలాడేది. డాక్టరు చీటీని మాత్రం ఆయన వృథా చేయలేదు. మడిచి లైబ్రరీ పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాడు.

ఆ రోజు శ్రీహరిరావు తొమ్మిదో మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని, పిల్లనగ్రోవిలా ఊపిరి తీస్తున్నాడు. కింద నుంచి గర్జన వినిపించింది.

"శ్రీహరిరావు సారు, తొమ్మిదో మెట్టూ! శ్రీహరిరావు సారు, తొమ్మిదో మెట్టూ! శ్రీహరిరావు సారు, తొమ్మిదో మెట్టూ!"

వరండాలో ఉన్న అరవై మంది తలలెత్తి చూశారు. శ్రీహరిరావుకు సిగ్గుతో మిగిలిన ఊపిరి కూడా ఆగినంత పనైంది.

"ఏమిటయ్యా దుర్గయ్యా, నా పరువు వేలం వేస్తున్నావా?"

"పరువుదేముంది సారూ, ఇయాల పోతది రేపొస్తది. దమ్ము పోతే రాదు. రేపు మీకు మందు తెస్త."

"నాకు మందులొద్దు."

"రేపు కాదు, నాలుగో దినం తెస్త. ముందుగాల మూడు దినాలు నేను తిని చూడాలె."

ఇదొకటి దుర్గయ్య నియమం. ఏ మందైనా మూడు రోజులు తను మింగి, బతికి బట్టకట్టాకే ఇంకొకరికిచ్చేవాడు. ఆయనకు ఉబ్బసం ఛాయ కూడా లేదు. అయినా వెల్లుల్లి పాలు తాగిన మూడు రోజులు వకీళ్లంతా కిటికీల దగ్గరికి జరిగి వాదించారు. ఆవనూనెలో కర్పూరం కాచి ఛాతీకి పట్టించుకున్న మూడు రోజులు కోర్టు హాలంతా పూజగదిలా ఘుమఘుమలాడింది. అడ్డసరం ఆకు రసం తాగిన మూడు రోజులైతే ఆ చేదుకు ముఖం ముడుచుకుపోయి, ఏ కక్షిదారును పిలిచినా శిక్ష పడిందని చెబుతున్నట్టే ఉండేది.

నాలుగో రోజు మొదటి పొట్లం వచ్చింది. అల్లం, మిరియాలు, తాటిబెల్లం కలిపి దంచి కట్టిన గోళీలు.

"దీనికి అనుపానం ఉంటది సారూ," అన్నాడు దుర్గయ్య గంభీరంగా. నాటు మందును దేంతో కలిపి పుచ్చుకోవాలో, అది అనుపానం.

"తేనె కాబోలు?"

"కాదు. డాక్టర్ సాబ్ పంపు."

"పంపా! నాటు మందుకు ఇంగ్లీషు పంపు అనుపానమా?"

"అయితే ఏందట? మా తాత కోర్టుకు ఎడ్లబండి మీద వచ్చిండు. నేను ఆర్టీసీ బస్సు మీద వస్తున్న. మనిషి పాతోడే, బస్సు కొత్తది. నా మందు గూడ గంతే."

"అలవాటైపోతుందంటారు దుర్గయ్యా."

"ఎవలికి? మీరు పంపు పీలుస్తలేరు సారూ. మీరు తింటున్నది నా గోళీ. పంపు పీల్చేది నా గోళీ. అలవాటైతే దానికైతది, మీకేం ఫికర్?"

శ్రీహరిరావు జీవితంలో ఎన్నో తీర్పులకు నకళ్లు రాశాడు. ఇంత బలమైన వాదన ఆయన ఎక్కడా చూడలేదు. ఆ రాత్రి పెట్టె తాళం తీసి, "నేను వాడటం లేదు, గోళీకి అనుపానం మాత్రమే" అని భార్యతో రెండుసార్లు చెప్పి, పంపు పీల్చాడు. కోటేశ్వరమ్మ పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కడి నుంచి మొదలైన పొట్లాలకు అంతు లేదు. రెండు నెలలకొకటి, ఒక్కోసారి నెలకొకటి. పిప్పళ్లు వేయించి తేనెతో. తులసి కషాయం. వాము మూట కాపడం. చార్మినార్ దగ్గరి యునానీ దుకాణంలో కొన్న జోషాందా కషాయం. ఒక ఎండాకాలమంతా రోజుకు పది బుడగలు ఊదమన్నాడు. యాభై ఏళ్ల గుమాస్తా మేడ మీద వరండాలో రంగురంగుల బుడగలు ఊదుతుంటే కింద కేసులకు వచ్చినవాళ్లు ఎవరి పుట్టినరోజని అడిగి పోయేవారు.

శ్రీహరిరావు నకళ్ల మనిషి కదా, ప్రతి మందునూ నంబరు వేసి, తేదీ వేసి, గుండ్రని అక్షరాలతో ఒక నోటు పుస్తకంలో ఎక్కించుకొనేవాడు. ప్రతిదానికీ పథ్యాలు చాంతాడంత ఉండేవి. వంకాయ తినకూడదు, ఈ మందుకు. వంకాయే తినాలి, ఆ మందుకు. మంగళవారం తలంటుకోకూడదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. మధ్యలో ఎక్కడో పంపు. పంపు తర్వాత, "గోళీ రుచి పోతది" కాబట్టి, నోరు పుక్కిలించాలి. ఆ పైన మరొకటి. పొద్దున మందు తిన్నాక గంటసేపు నకళ్ల గది గుమ్మం తొక్కకూడదు, వరండాలో గాలికి కూర్చోవాలి. తొందరగా వచ్చే అలవాటున్న శ్రీహరిరావుకు ఈ పథ్యం మహా నచ్చింది. రోజూ గంటసేపు పుస్తకం. ఇంత రుచికరమైన పథ్యం ఏ వైద్యుడిచ్చాడు!

మృగశిర కార్తె వచ్చింది. ఉబ్బసానికి బతికున్న చేపతో మింగించే చేపమందు కోసం ఊరంతా వరుసలు కట్టింది.

"చేపా! శివశివా," అన్నాడు శాకాహారి శ్రీహరిరావు.

"మీకు బెల్లంల పెట్టి ఇస్తరు సారూ. చేప నేను మింగుత. ఒకలన్న చూడాలె గద!"

అన్నట్టే మింగి వచ్చాడు. రెండు రోజులు పొట్ట మీద చెయ్యేసుకుని తిరిగాడు. ఎలా ఉందని అడిగితే, "ఈదుతుంది సారూ" అన్నాడు.

"దీనికీ పంపే అనుపానమా?"

"చేపకు నీళ్లెట్లనో, నా చేతి మందుకు పంపు అట్ల."

ఏడాది తిరిగేసరికి మెట్ల లెక్క మారింది. "పదిహేడో మెట్టూ!" అని ముమ్మారు చాటిన రోజున ఒక వకీలు చప్పట్లు కొట్టాడు. "ఇరవై ఆరూ!" అన్న రోజున చాయ్ బండివాడు ఉత్తినే చాయ్ పంపాడు. శ్రీహరిరావు పైకి విసుక్కునేవాడు గానీ, లోపల లోపల ఆ గర్జన కోసం చెవులు రిక్కించేవాడు.

గర్వం మనిషికి ఎక్కడో ఒక చోట కాలు అడ్డం పెడుతుంది. తొంభై ఏడు చలికాలంలో శ్రీహరిరావు ఒక ఆలోచన చేశాడు. ఇంత గొప్పగా పనిచేస్తున్న నాటు మందుకు ఇంకా ఇంగ్లీషు అనుపానమెందుకు? వట్టి పిప్పళ్లే తిందాం. పంపు మానేశాడు. పది రోజులు బాగానే గడిచింది. పదకొండో రోజున నాలుగో మెట్టు మీద కూలబడ్డాడు. పెదవులు నీలం తిరిగాయి. మాట రాలేదు.

దుర్గయ్య మెట్ల లెక్క చాటలేదు. ఒక్క ఉదుటున వచ్చి సారును ఎత్తుకుని ఆటోలో వేశాడు. నయాపూల్ మీద ఎప్పటిలాగే బండ్లు, తోపుడు బళ్లు, మనుషులు అంటుకుపోయి ఉన్నారు. దుర్గయ్య ఆటోలోంచి సగం బయటికి వేలాడుతూ, "జరగాలే! జరగాలే! జరగాలే!" అన్నాడు. వంతెన వంతెనంతా కోర్టు ఆజ్ఞ అనుకుని రెండుగా చీలింది. దవాఖానలో ఆవిరి పట్టి, సూదిమందు వేసి నిలబెట్టారు.

మూడో రోజు చూడ్డానికి వచ్చిన దుర్గయ్య, కోటేశ్వరమ్మ నోట సంగతి విని అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"అనుపానం ఇడిచిండ్రా?"

"మందు వేసుకున్నానయ్యా..."

"నా మందును బేజ్జతి చేసిండ్రు! బస్సు లేని రోడ్డు మీద నిలబెట్టిండ్రు! గిట్ల చేస్తే నా మందుకు ఊర్ల ఇజ్జత్ ఉంటదా?"

కోటేశ్వరమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "బాగా గడ్డిపెట్టు దుర్గయ్యా, నా మాటంటే లెక్కలేదు" అంది.

శ్రీహరిరావుకు మాత్రం ధైర్యం చెదిరిపోయింది. ఇక ఈ దుమ్ములో బతకలేననుకున్నాడు. ఉద్యోగం ఇంకా ఆరేళ్లుంది. ఇప్పుడే మానేస్తే పింఛను సగానికి సగం, ఊళ్లో చెయ్యడానికి పని లేదు, నిజానికి ఈ మురికి వరండా, ఈ లైబ్రరీ, ఈ రణగొణధ్వని వదిలి ఉండగలడని కూడా లేదు. అయినా రాజీనామా దరఖాస్తు చక్కగా రాసి, సంతకం పెట్టి, కింద ఆఫీసులో ఇమ్మని దుర్గయ్య చేతికిచ్చాడు.

వారం గడిచింది. కబురు లేదు. ఎనిమిదో రోజున కొత్త పొట్లం వచ్చింది. శొంఠి, కరక్కాయ. విప్పి చూస్తే పొట్లం కట్టిన కాగితం మీద తన సంతకమే.

"ఇది నా రాజీనామా కదయ్యా!"

"అవునా? ఇంట్ల కాగితాలు లెవ్వు సారూ. నీలమ్మ ఇచ్చింది." కాగితం అంచు వేళ్లతో పట్టి చూసి, "మంచి గట్టి కాగితం. మళ్ల రాస్తే ఇయ్యుండ్రి, ఇంకో మందుంది" అన్నాడు.

శ్రీహరిరావు మళ్లీ రాయలేదు. మళ్లీ పంపు మానలేదు కూడా. గోళీకి కోపం వస్తుందని భయం.

రెండు వేల రెండులో దుర్గయ్య పదవీ విరమణ వచ్చింది. సన్మానమంటే దుర్గయ్యకు హడలు. దండ వేసి, కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నిలబడి తన గురించి మంచి మాటలు చెబుతుంటే వినాలి. "బతికున్న చేపనన్న మింగుత గానీ గది నాతోని కాదు" అని బెంచి గుమాస్తా విజయలక్ష్మికి ముందే చెప్పేశాడు. ఆవిడ నవ్వి, దండకు ఆర్డరిచ్చింది.

ఆఖరి రోజు పొద్దున శ్రీహరిరావు ముప్పై నాలుగు మెట్లూ ఎక్కాడు. ఎవరూ చాటలేదు. బల్ల మీద ఒక పొట్లం ఉంది. అల్లం, మిరియాలు, తాటిబెల్లం. మొట్టమొదటి గోళీలే. వాటి కింద మడతలు పడి, మడతల దగ్గర చిరిగి, మళ్లీ గోధుమ రంగు కాగితంతో అతికించిన చీటీ ఒకటి. విప్పాడు. తొంభై మూడులో డాక్టరు రాసిన చీటీ! లైబ్రరీ పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని, ఆ పుస్తకం తిరిగి ఇచ్చి రమ్మని దుర్గయ్య చేతికే ఇచ్చినప్పుడు దాంతో పాటు పోయిన చీటీ. పోయినట్టు కూడా ఆయనకు గుర్తు లేదు.

చీటీ వెనక వంకర తెలుగు అక్షరాలు. గౌలిపుర మందుల షాపు ముద్ర. ఇంగ్లీషు రాని దుర్గయ్య ఎవరితోనో చదివించి రాయించుకున్నాడు.

"పొద్దున రెండు పీల్పులు, రాత్రి రెండు. పీల్చినంక నోరు పుక్కిలియ్యాలె. దుమ్ముల ఉండొద్దు. మంచిగైంది గద అని బందు చెయ్యొద్దు."

శ్రీహరిరావు సొరుగులోంచి నోటు పుస్తకం తీశాడు. చేతి పని అలవాటు ఎక్కడికి పోతుంది? చీటీని ఎడమ పక్క పెట్టుకుని, పుస్తకాన్ని కుడి పక్క పెట్టుకుని, అసలూ నకలూ సరిచూసినట్టు వేలు పెట్టి పోల్చడం మొదలుపెట్టాడు. అరవై మూడు మందులు. అల్లం ఉన్న చోట తులసి లేదు, తులసి ఉన్న చోట వాము లేదు. వంకాయ ఒక చోట పథ్యం, ఒక చోట అపథ్యం. అరవై మూడింటిలోనూ మారకుండా ఉన్న పంక్తులు మూడే మూడు. పంపు, పుక్కిలింత, గది గుమ్మం. తొమ్మిదేళ్లుగా తను రాసుకున్నది ఒకే చీటీకి అరవై మూడు నకళ్లు!

గది గుమ్మం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. లేచి బీరువా అరను వేలితో తుడిచి చూశాడు. ఆ రోజు వేలికి దుమ్ము అంటింది. ఇంతకాలం ఎందుకు అంటలేదో అప్పుడు తట్టింది. మూలన, బకెట్లో, నిన్నటి నుంచి ఎండి కర్రలా బిగుసుకున్న తుడుపు గుడ్డ ఉంది. తను వరండాలో గాలికి పుస్తకం చదువుకుంటున్న ఆ గంటకు ముందు, రోజూ ఎవరో ఈ గదిని తడిబట్టతో తుడిచి, లేచిన దుమ్ము అణగడానికి టైము ఇచ్చి వెళ్లేవారన్నమాట.

శ్రీహరిరావుకు మొదట కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగా ఆయనకు వెల్లుల్లి వాసన గుర్తొచ్చి, ప్రశ్న పుట్టుకొచ్చింది. అంతా పంపు మహిమే అయినప్పుడు, ఆ మనిషి ప్రతి మందునూ మూడేసి రోజులు తనెందుకు మింగాడు? ఆ చేప సంగతేమిటి?

ఆలోచన తెగకముందే విజయలక్ష్మి మెట్లెక్కి వచ్చింది.

"శ్రీహరిరావుగారూ, దుర్గయ్య రాలేదండీ! కొత్త అటెండరు రేపు గానీ చేరడు. జడ్జిగారు బెంచి మీద కూర్చున్నారు. వచ్చి పిలవండి."

"నేనా? నేను పిలవడమేమిటమ్మా?"

"నిన్న దుర్గయ్యే చెప్పి వెళ్లాడు. నేను లేకపోతే రావు సారును పిలవమనుండ్రి, ఆయన దమ్ము నేను చూసుకున్న అని."

కేసు పుష్పమ్మది. గౌలిపురలో పాలు పోసుకునే మనిషి. పశువుల కొట్టం జాగా మీద దాయాదులతో ఏడేళ్లుగా నడుస్తున్న తగాదా. ఇదివరకే రెండు వాయిదాలు తప్పింది. ఈసారి గైర్హాజరైతే కేసు పోతుంది, కొట్టం పోతుంది.

శ్రీహరిరావు వరండా అంచున నిలబడ్డాడు. కింద జనం, లొల్లి, గేటు బయట బస్సుల హారన్లు. గుండె నిండా గాలి తీసుకున్నాడు. ఊపిరి ఎక్కడా ఈల వేయలేదు.

"పుష్పమ్మా...!"

తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చింది. కింద నాలుగు తలలు లేచాయి.

"పుష్పమ్మా...!"

వరండా అంతా తిరిగి చూసింది. మూడోసారి కడుపులోంచి పిలిచాడు. బుడగలు ఊదిన ఎండాకాలమంతా ఆ పిలుపులోంచి బయటికొచ్చింది. గేటు దగ్గర చాయ్ సాసర్లు గలగలలాడాయని ఆయన చెప్పుకోడు గానీ, పుష్పమ్మ కొంగు బిగించుకుని ఉరికి రావడం మాత్రం అందరూ చూశారు.

"వచ్చిన సారూ, వచ్చిన! గేటు కాడ చాయ్ తాగుతుంటి. ఈ లొల్లిల నాకేం ఇనవడలే. దుర్గయ్యన్న పక్కనే కూసొని ఉండె. నిన్నే పిలుస్తుండ్రు పో, ఇది రెండో పిలుపు, ఇంకోటుంది, నిమ్మలంగ పో అన్నడు."

"దుర్గయ్య గేటు దగ్గరున్నాడా?"

"ఉండె. ఉరుక్కుంట ఎనుకకు చూస్తి, మూడో పిలుపు దాక చెవి పెట్టి ఇన్నడు. ఇని, కప్పు బండి మీద పెట్టి లేచిండు."

శ్రీహరిరావు వరండా చివరికి పరుగెత్తాడు. పరుగే! పరుగెత్తానని ఆయనకు ఆ తర్వాత గానీ తట్టలేదు. నయాపూల్ మీద, తోపుడు బళ్ల మధ్య, చంకలో గొడుగుతో ఖాకీ చొక్కా ఒకటి తీరిగ్గా పోతోంది. దండ వద్దు, కుర్చీ వద్దు, వెళ్లొస్తానన్న మాట కూడా వద్దు.

"దుర్గయ్యా...!"

వంతెన మీద ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఖాకీ చొక్కా ఆగలేదు.

"దుర్గయ్యా...!"

గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మారింది. అంతే. శ్రీహరిరావు జేబులో, పంపు పక్కనే, అల్లం గోళీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తీసి నోట్లో వేసుకున్నాడు. మూడో పిలుపుకు సరిపడా దమ్ము ఆయనలో దండిగా ఉంది.

కానీ పిలవలేదు. మూడుసార్లు పిలిచినా రాకపోతే గైర్హాజరని రాయాలి. దుర్గయ్య పేరు పక్కన ఆ మాట రాయడం శ్రీహరిరావుకు ఇష్టం లేకపోయింది.